అక్క గొంతుకు రెండు డిస్కులు

మా ఇంట్లో ఫ్రిజ్ పక్కన ఒక నల్ల డబ్బా ఉంటుంది. పగలూ రాత్రీ సన్నగా మూలుగుతూనే ఉంటుంది. ఇంటికి వచ్చినవాళ్లు దాన్ని ఇన్వర్టర్ అనుకుంటారు. అదొక కంప్యూటరని, దానికి తెరగానీ కీబోర్డుగానీ లేవని, ఇచ్చింది భద్రంగా దాచిపెట్టడమే దాని పనని మొదట్లో ఓపికగా చెప్పేదాన్ని. "మరి దాన్ల సినిమాలు రావా?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు ఎవరడిగినా ఇన్వర్టరే అంటున్నాను. నాకూ హాయిగా ఉంది, వాళ్లకూ హాయిగా ఉంది.

నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. పాఠం చెప్పడం వేరు, కంప్యూటర్‌ను విప్పి కూర్చోవడం వేరు. ఇన్నేళ్లూ బోర్డు మీద గడులు గీసి ఇది మెమరీ, ఇది డిస్కు అని బాణాలు వేస్తూ వచ్చాను. ఆ బాణాలు వేసినంత సులువుగా అవి ఒకదానితో ఒకటి కలవవని ఈ డబ్బా నెత్తిన పెట్టుకున్నాకే తెలిసింది. పెట్టుకున్నది సరదాకి కాదు. మా అక్క కోసం పెట్టుకున్నాను.

అక్క నాకంటే చాలా పెద్దది. కోదాడలో బస్సు దిగి ఆటో ఎక్కితే అనంతగిరి దగ్గర వాళ్ల ఊరు. బావకు గొర్లు, కొంచెం పొలం. అక్కకు గొంతులో గడ్డ అయింది. ఆ ఊరి డాక్టరు, ఈ ఊరి డాక్టరు అయ్యాక, హైదరాబాద్ పెద్ద దవాఖానలో అసలు సంగతి చెప్పారు. గడ్డ ముదిరింది, స్వరపేటిక మొత్తం తీసేయాలి, ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఇక ఉండదు. డాక్టరు అది చెప్తుంటే బావ తల ఊపుతూనే ఉన్నాడు. అక్క మాత్రం డాక్టరు గోడకున్న క్యాలెండర్ వైపు చూస్తూ కూర్చుంది.

తిరిగి వస్తూ సూర్యాపేట బస్టాండులో దిగి టీ తాగాం. గ్లాసు చేతిలో పట్టుకుని అక్క ఒక్క మాట అడిగింది.

"మన పిల్ల నీళ్లాడితే, తొట్టెల్ల ఏసిననాడు పేరు ఎవరు పిలుస్తరే?"

మా ఇళ్లల్లో బిడ్డను తొట్టెలలో వేసే రోజు చెవిలో మొదట పేరు పిలిచేది అమ్మమ్మే. ఆమె పిలిచాకే మిగతావాళ్లు. మా ఇద్దరికీ మా అమ్మమ్మే పిలిచింది. అక్క కూతురికి మా అమ్మ పిలిచింది. ఆ పిల్లకు ఆ వేసవిలోనే పెళ్లి చేశాం. ఇంకా కడుపున కూడా పడని బిడ్డకు పేరు ఎవరు పిలుస్తారని బస్టాండులో దిగులుపడుతోంది మా అక్క. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముందు ఆపరేషన్ సంగతి చూద్దామన్నాను. ఆమె వినలేదు.

"ఫోన్ల మాట పట్టొచ్చు గదా. పేర్లు పట్టి పెడ్త. ఆడపిల్లయి కొన్ని, మొగపిల్లగానియి కొన్ని. అప్పుడు ఏది గావాల్నో అది పెట్టుండ్రి."

అన్నట్టే చేసింది. దవాఖానలో చేరేదాకా రోజూ తలుపేసుకుని ఫోన్లో మాట్లాడుకుంది. పేర్లే కాదు. తిట్లు, పాటలు, కూతురికి బుద్ధులు, అల్లుడికి జాగ్రత్తలు. అవన్నీ నా చేతికిచ్చి, "నీ దగ్గర్నే ఉండాలె. బయటికి పోనియ్యకు" అంది. ఇంటర్నెట్‌లో దాచుకునే చోట్లు ఉంటాయని చెప్పబోయాను. వాళ్ల ఊళ్లో ఎవరికో కొడుకు గొంతుతో దొంగ ఫోన్ వచ్చి, ఏడ్చి డబ్బులు అడిగారట. "నా గొంతుతోని ఎవడన్న నా బిడ్డకు ఫోన్ జేస్తే ఎట్లనే?" అంది.

"పెన్‌డ్రైవ్‌ల ఎయ్యరాదు?" అన్నాడు మా ఆయన. ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో పనిచేస్తాడు, రోజూ బస్సులో పోయి వస్తాడు. మా ఇంట్లో చచ్చిపోయిన పెన్‌డ్రైవ్‌లు ఒక స్టీలు గిన్నెడు ఉన్నాయి. ఆ గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

చదివి చదివి నేనొక నిర్ణయానికి వచ్చాను. ఇంట్లోనే ఒక చిన్న స్టోరేజ్ సర్వర్. దాని సాఫ్ట్‌వేర్ ఉచితం, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, ఏ కంపెనీ చేతిలోనూ ఉండదు. దాంట్లో రెండు డిస్కులు పెడితే ఒకదాని మీద రాసింది రెండోదాని మీదా రాస్తుంది. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. ఏ ముక్కైనా చెడిందా అని తనకు తానే తిరిగి తిరిగి సరిచూసుకుంటుంది కూడా. చదువుతుంటే ప్రాణం లేచివచ్చింది. అయితే సాఫ్ట్‌వేర్ ఉచితమేగానీ పేచీలు మాత్రం మగపెళ్లివారిని మించినవి. ఈ చిప్పు పడదు, ఆ కార్డు వద్దు, ఫలానా మెమరీ అయితేనే కూర్చుంటాను అంటుంది. దాన్ని వాడేవాళ్లు రాసుకునే ఫోరమ్‌లలో ఒకరు మంచిదన్న వస్తువును ఇంకొకరు కసి తీరా తిట్టి ఉంటారు. కాలేజీ నుంచి వచ్చి, వంట చేసి, అవి చదువుతూ కూర్చుంటే నాకు తలనొప్పి తప్ప ఇంకేమీ తేలేది కాదు.

మొదటి డబ్బా మిర్యాలగూడ నుంచి వచ్చింది. మిల్లు ఆఫీసులో కంప్యూటర్లు మారుస్తుంటే మా ఆయన పాతది ఒకటి అడిగి తెచ్చాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు పాపం. మూత విప్పితే లోపల తౌడు. ఫ్యాను రెక్కల మీద, సందుల్లో, మెమరీ ముక్కల మధ్య మెత్తగా పేరుకుపోయిన తౌడు. బాల్కనీలో పెట్టి బ్రష్‌తో దులిపితే పిచ్చుకలు వచ్చాయి. దులిపాక పనిచేసింది. నేను ఆ రోజు చాలా సంతోషపడ్డాను. అదే తప్పయింది, ఎందుకంటే దాని లోపలి మదర్‌బోర్డు పనిచేస్తోందన్న ఒక్క కారణానికి మిగతావన్నీ దానికి సరిపోయేవే వెతకాల్సి వచ్చింది.

తప్పుల్ని తానే దిద్దుకునే మెమరీ ఉంటే మంచిదని చదివాను. పెద్ద సర్వర్లలో వాడేది. సూర్యాపేటలో రిపేరు షాపతను హైదరాబాద్ నుంచి సెకండ్‌హ్యాండ్‌వి తెప్పించాడు. "మేడం, కంపెనీ సర్వర్ల ఉన్న మాల్ ఇది. మీ ఇంట్ల సామానుకంటే ఇదే ఎక్కువ రోజులుంటది" అన్నాడు. తెచ్చి గుచ్చాను. గాడిలో టక్కుమని కూర్చుంది. మీట నొక్కితే ఫ్యాను తిరిగింది, ఇంకేమీ లేదు. పరీక్షకు తగిలించిన తెర నల్లగానే ఉంది. తీసి మళ్లీ గుచ్చాను. తుడిచి గుచ్చాను. దేవుడి పటం వైపు ఒకసారి చూసి గుచ్చాను. ఆ మెమరీలోనే రెండు జాతులు ఉంటాయట, చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయట, గాడిలోనూ పడతాయట, కానీ ఇంట్లో వాడే బోర్డు రెండోదాన్ని గుర్తుపట్టదట. ఇది చెప్పాల్సిన షాపతను, నేను చెప్తే విని ఆశ్చర్యపోయాడు.

తర్వాత కార్డు. రెండు డిస్కుల్నీ అదే చూసుకుంటుందని ఇంకొకతను ఒక సర్వర్ కార్డు అంటగట్టాడు. పెట్టాక తెలిసింది, ఆ కార్డు రెండు డిస్కుల్ని కలిపి ఒక్కటే అని సాఫ్ట్‌వేర్‌కు చూపిస్తోంది. ఈ సాఫ్ట్‌వేర్‌కేమో మధ్యవర్తులు పనికిరారు, డిస్కులు నేరుగా దాని కళ్లకు కనపడాలి. ఫోరమ్‌లో అడిగితే, ఆ కార్డు తీసి అవతల పారేయమని ఒకే ఒక్క వాక్యం రాశారు. ఆ వాక్యం కోసం నేను నాలుగు పేరాల ఇంగ్లీషు రాశాను. కార్డు ఇప్పటికీ అటక మీద ఉంది.

ఇదంతా జరిగేలోపు అక్క ఆపరేషన్ అయిపోయింది. మెడ దగ్గర చిన్న రంధ్రం, ఊపిరి దాంట్లోంచే. మాట లేదు, గుసగుస కూడా లేదు. ఎవరినైనా పిలవాలంటే చప్పట్లు కొట్టేది, పళ్లెం మీద గరిటెతో కొట్టేది. ఫోన్లో మాట పట్టినవి ఒక్కసారైనా వింటావా అంటే చెయ్యి అడ్డంగా ఊపేది. అవి ఆ రోజు కోసమే. నేను చేసేదల్లా ఆ రోజుదాకా వాటిని కాపాడడం. అందుకే మెమరీ మామూలుదే చాలనుకుని, డిస్కుల దగ్గర మాత్రం ఏ లోటూ చేయొద్దనుకున్నాను.

డిస్కులు కోదాడలో కొన్నాం. అక్కను చూడ్డానికి వెళ్లిన రోజే, బావ తోడు వచ్చాడు. షాపాయన ముందు బావ వైపు చూసి, "ఏం కావాలండీ?" అన్నాడు. బావ నా వైపు చూపించాడు. "సార్ రాలేదా మేడం? ఇవి కొంచెం టెక్నికల్ అండి" అన్నాడు. పాఠం చెప్పేది నేనేనని బావ చెప్పేదాకా ఆయన మా ఆయన కోసం గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాడు.

ఆయన రెండు డిస్కులు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఒక కంపెనీది, ఇంకొకటి వేరేది. సైజు ఒకటే. బావ రెండూ చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"గివి జోడు గాదు" అన్నాడు.

"రెండూ ఒకటే సైజు అండి, ఏం తేడా ఉండదు" అన్నాడు షాపాయన.

"సైజు గాదయ్యా. జోడంటె ఒక్క ఈడువి గావాలె, ఒక్క తీరువి గావాలె. ఒక్క కాడికి ముసలి ఎద్దును, పడుసు ఎద్దును కడితె అరక ఒక దిక్కే గుంజుతది. రెండూ కలిసి పనిజెయ్యాలంటున్నది గదా మా మరదలు?"

బావ ఎడ్లు కొనే రోజుల్లో, తమతో సంతకు వచ్చి జోడు చూసిపెట్టమని ఊళ్లో వాళ్లు ఆయన్ను బతిమాలేవారు. పళ్లు చూసి, గిట్టలు చూసి, నడిపించి చూసి, ఒక తీరు ఎడ్లు దొరికేదాకా సంత సంతంతా తిరిగేవాడు. ఆ మాట నాకూ నచ్చింది. అద్దంలా ఒకదానిది ఒకటి రాసుకునేవి కదా, ఒక్కలాగే ఉంటేనే మంచిది అనిపించింది. షాపాయన లోపలికి పోయి ఒకే పెట్టెలోంచి రెండు తీసుకొచ్చాడు. నంబర్లు కూడా పక్కపక్కనే. "ఒకే రోజు తయారైనవండి, కవలపిల్లలు" అన్నాడు. బావ రెండూ తట్టి చూసి తృప్తిగా నవ్వాడు. నేను కూడా నవ్వాను.

ఆ జోడు పెట్టాక డబ్బా నిజంగానే పనిచేసింది. అక్క ఇచ్చినవన్నీ దాంట్లోకి ఎక్కించాను. నా ల్యాప్‌టాప్ కాలేజీది కాబట్టి దాంట్లోంచి తీసేశాను. చాలా చోటు మిగిలింది. మిగిలిన చోటు మా ఇంట్లో ఎవరినీ నిద్రపోనివ్వదు. మా ఆయన సినిమాలు తెచ్చి పోశాడు. కాలేజీవాళ్లు పాఠాల వీడియోలు ఇచ్చారు. అత్తగారి వైపు పెళ్లిళ్ల వీడియోలు వచ్చాయి. అక్క గొంతు ఆ గుట్టల కింద ఎక్కడో ఒక మూలకు ఉండేది.

ఈలోగా అక్క ఫోను ఊరికే ఆగిపోతోందని బావ కోదాడలో రిపేరుకు ఇచ్చాడు. ఏమైనా ఉంచాలా అని అడిగితే ఫోన్ నంబర్లు చాలన్నాడట. అంతా తుడిచిపెట్టి ఇచ్చారు. నాకు ఆ సంగతి తెలిసి కూడా గాభరా పడలేదు. నా దగ్గర రెండు ఉన్నాయి కదా అనుకున్నాను.

అక్క కూతురికి నెల తప్పిందన్న కబురు వానాకాలంలో వచ్చింది. చలికాలం మొదట్లో ఒక డిస్కు పోయింది. పొద్దున టిఫిన్ చేస్తుంటే ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, ఒక డిస్కు పలకడం లేదని. నేను భయపడలేదు, గర్వపడ్డాను కూడా. ఇలాంటి రోజు కోసమే కదా ఇంత పాటుపడింది. కాలేజీకి సెలవు పెట్టి సూర్యాపేటలోనే కొత్త డిస్కు కొని పెట్టాను. మిగిలిన డిస్కు తన దగ్గర ఉన్నదంతా చదివి కొత్తదాని మీద రాయడం మొదలుపెట్టింది.

ఆ కొత్త డిస్కు ఎలాంటిదో అప్పుడు చూసుకోలేదు. కొన్ని డిస్కుల్లో చోటు కలిసిరావాలని గీతల్ని బంగళా పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా రాస్తారు. ఒక పెంకు మార్చాలంటే దాని మీదున్నవన్నీ లేపాలి. మామూలు వాడకంలో ఏమీ తెలియదు, ఇలా మొత్తం తిరగరాసేటప్పుడు మాత్రం ప్రాణం తీస్తుంది. సాయంత్రానికి అయిపోవాల్సిన పని రోజుల తరబడి సాగింది. సినిమాలు, పెళ్లిళ్లు, పాఠాలు, అన్నీ వరుసగా చదివి ఇవ్వలేక ఆ మిగిలిన డిస్కు వేడెక్కిపోయింది. టేబుల్ ఫ్యాన్ తెచ్చి దాని ముందు పెట్టాను. కాలేజీలో ఉండగా రెండో మెసేజ్ వచ్చింది. అదీ పోయింది. క్లాసులో పిల్లల ముందు నిలబడి ఆ మెసేజ్ చదివాను. నా చేతిలో చాక్‌పీస్ ఉంది. తర్వాత ఏం పాఠం చెప్పానో నాకు గుర్తులేదు.

హైదరాబాద్‌లో డిస్కులు విప్పి లోపలిది తీసే చోటుకు రెండూ తీసుకెళ్లాను. కొన్నాళ్లు ఉంచుకుని, లోపల గీతలు పడ్డాయని, ఏమీ రాదని చెప్పారు. అక్కడి ఇంజనీరు రెండింటినీ పక్కపక్కన పెట్టి నంబర్లు చూశాడు.

"రెండూ ఒక్కసారే కొన్నారా మేడం?"

"జోడు కావాలని కొన్నాం."

"ఒక్క రోజే తయారైనై, రెండింట్ల ఒక్క తీరు లోపమే ఉన్నది. రెండింటికీ ఒక్క పనే ఇచ్చిన్రు. ఒక్కసారే పోతయి గదా" అన్నాడు. వేర్వేరు కంపెనీలవి, వేర్వేరు రోజులవి పెట్టుకోవాలట. అది అందరికీ తెలిసిన సంగతట. వేరే ఎక్కడైనా ఇంకో కాపీ ఉంచుకోవాల్సింది అన్నాడు. అంత చదివిన దాన్ని, ఆ ముక్క నా కళ్లెదురుగా ఎన్నిసార్లు వచ్చి ఉంటుంది! తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. బావ మీద కోపం వచ్చింది, కోదాడ షాపాయన మీద వచ్చింది, మా ఆయన సినిమాల మీద వచ్చింది. సూర్యాపేట వచ్చేసరికి ఎవరి మీదా కోపం పెట్టుకునే సత్తువ లేదు. అక్కకు ఎలా చెప్పాలన్నదే మిగిలింది.

ఫోన్లో చెప్పలేను, ఆమె పలకలేదు కదా. ఒక ఆదివారం వెళ్లాను. అక్క కూతురు కాన్పుకు వచ్చి అప్పటికే అక్కడే ఉంది, మంచం మీద ఒక పక్కకు తిరిగి నిద్రపోతోంది. అక్క పొయ్యి మీద టీ పెట్టింది. నేను పక్కనే పీట మీద కూర్చుని ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. పొద్దు వాలుతోంది.

అప్పుడు బయట చేను వైపు నుంచి మా అక్క పిలిచింది.

"దా... దా... దా..." అని సాగదీసి, చివర్న నాలుకతో ఒక విరుపు. అక్క గొంతే. ఇంచుక బొంగురు, చివర పైకి లేచే ఆ గొంతే. అక్క నా ఎదురుగా నిలబడి టీ వడకడుతోంది. ఆమె తల కూడా ఎత్తలేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి ఉరికాను. చేను గట్టు మీద బావ ఫోను పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఫోన్లోంచి మళ్లీ పిలుపు వచ్చింది. గొర్లన్నీ తలలు ఎత్తి, మేత వదిలి, దుమ్ము లేపుకుంటూ ఆ గొంతు వైపు వస్తున్నాయి.

"ఏందే, గట్ల సూస్తున్నవ్?" అన్నాడు బావ.

"గా గొంతు ఎక్కడిది బావా?"

"ఎక్కడిదేంది, మీ అక్కదే. దవాఖానకు పోయే ముందటినాడు నా ఫోన్ల పట్టిన. నేను ఎంత మొత్తుకున్నా రావు గివి. ఆమె పిలిస్తెనే వస్తయి. రోజూ గిదే పెడుతున్న."

"నాకెందుకు చెప్పలేదు?"

"గొర్లను పిలిచేదాంతోని నీకేం పనే?"

ఆ గట్టు మీదే కూలబడి ఏడ్చాను. బావకు మొదట అర్థం కాలేదు. రెండు డిస్కులూ పోయాయని, పేర్లు, పాటలు, తిట్లు అన్నీ పోయాయని చెప్పాను. ఆయన చాలాసేపు గొర్లను లెక్కపెట్టుకుంటున్నట్టు నిలబడ్డాడు. "జోడు మంచిగనే సూసిన గదా" అన్నాడు చివరికి, చిన్నగా.

అక్కకు ఇద్దరం కలిసి చెప్పాం. ఆమె విని, పొయ్యి ఆర్పి, టీ గ్లాసులు ముగ్గురి చేతుల్లో పెట్టింది. నిద్రపోతున్న కూతురి కడుపు వైపు చూపించి, చెయ్యి గాలిలో తిప్పింది. పోయినట్టేనా అని. అవునన్నాను. గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. శబ్దం లేకుండా ఏడవడం ఎలా ఉంటుందో నేను అప్పటిదాకా చూడలేదు. మెడ దగ్గర గుడ్డ మాత్రం పైకీ కిందికీ కొట్టుకుంది. నేను ఇంత చదువు చదివి ఆమెను అలా చూడాల్సి వచ్చిందని నా మీద నాకే అసహ్యం వేసింది.

బావ ఫోనులోని ఆ పిలుపును తెచ్చుకుని డబ్బా మళ్లీ మొదట్నుంచి కట్టాను. ఓపికతో కాదు, పంతంతో. ఈసారి తౌడు బోర్డు తీసేసి, ఆ సాఫ్ట్‌వేర్‌కు సరిపడిందని పదిమంది ఒప్పుకున్న బోర్డు కొన్నాను. దానికి పడే మెమరీ, దాని తయారీదారు రాసిచ్చిన జాబితాలో ఉన్నదే కొన్నాను. కార్డు లేదు. డిస్కులు ఒకటి మిర్యాలగూడలో, ఇంకొకటి సూర్యాపేటలో, వేర్వేరు కంపెనీలవి, పెంకులవి కాకుండా ముందే అడిగి మరీ కొన్నాను. మూడో కాపీ కాలేజీలో నా బీరువాలో పెట్టాను. మా ఆయన సినిమాల మాట ఎత్తలేదు. అంత పెద్ద డబ్బాలో ఉన్నది గొర్లను పిలిచే ఆ చిన్న ముక్క ఒక్కటే.

ఆడపిల్ల పుట్టింది. తొట్టెల రోజున ఇల్లంతా చుట్టాలు. ఆ రోజు మేపడానికి ఎవరూ ఖాళీ లేక గొర్లను వెనక దొడ్లోనే ఉంచారు. వియ్యపురాలివాళ్లు అయ్యగారిని అడిగి అక్షరం చూసుకుని పేరు అనుకుని వచ్చారు. అక్క పట్టిపెట్టిన పేర్లలో అది ఉండేదో లేదో నాకు తెలియదు, ఇక తెలియదు కూడా. బిడ్డను తొట్టెలలో వేశారు. ఎవరో ముసలామె అలవాటు కొద్దీ, "ముందుగాల అమ్మమ్మను రమ్మనుండ్రి" అంది. అన్నాక గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. నేను గోడ వైపు చూశాను.

"ఏం గాదు తియ్ వదినె, నేను పిలుస్త" అంది వియ్యపురాలు. మంచి మనిషి, అక్కను నొప్పించొద్దనే అంది.

అక్క చెయ్యెత్తి ఆపింది. లేచి బావ దగ్గరికి పోయి, ఆయన జేబులోంచి ఫోను తీసుకుంది.

"ఏయ్, గది గొర్లను పిలిచేదే!" అన్నాడు బావ.

అక్క వినిపించుకోలేదు. తొట్టెల దగ్గర కూర్చుని, వంగి, ఫోను బిడ్డ చెవి పక్కన పెట్టి నొక్కింది.

"దా... దా... దా..."

వెనక దొడ్లో గొర్లన్నీ ఒక్కసారి లేచాయి. అరుపులు, తోపులాట, ముళ్లదడి పటపటలాడింది. బిడ్డ ఉలిక్కిపడి చేతులు రెండూ విసిరి కేరుమంది. చుట్టాలు ముందు బిత్తరపోయి, తర్వాత పకపకా నవ్వారు. అక్క కూడా నవ్వింది, భుజాలు కదిలిపోయేలా, శబ్దం లేకుండా. నవ్వుతూ బిడ్డ పొట్ట మీద చెయ్యి వేసింది. నాకు నవ్వు రాలేదు. ఇన్ని నెలల అలసట ఒక్కసారిగా కళ్లలోంచి దిగిపోయింది, ఆపుకోలేదు. నా పక్కన బాలింత, అక్క కూతురు, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చిన్నమ్మా, ఆడుకునేటప్పుడు నన్ను గూడ గిట్లనే పిలిచేది అమ్మ. పేరువెట్టి ఎన్నడు పిలిచింది?"

వియ్యపురాలు కళ్లు తుడుచుకుని తొట్టెల దగ్గరికి జరిగింది.

"ఇంకా రెండుసార్లు పెట్టు వదినె. అమ్మమ్మ మూడుసార్లు పిలవాలె గదా."

"జర ఆగుర్రి, దడి తెంపుతయి!" అంటూ బావ దొడ్లోకి పరుగెత్తాడు. ఆయన దడికి అడ్డంగా నిలబడేదాకా అక్క ఆగింది. తర్వాత మళ్లీ నొక్కింది.